అబ్బులు గారి హిందీ

అబ్బులు గారి హిందీలో ఎవరూ చచ్చిపోరు.

అమలాపురంలో ఆదివారం మ్యాట్నీకి హిందీ సినిమా వేస్తే, ఆయన బెంచీ తరగతి మూడో వరసలో కూర్చుని గట్టిగా తెలుగు చెప్పేవారు. తుపాకీ పేలి మనిషి పడితే, "సొమ్మసిల్లేడండి." ఉరికంబం ఎక్కిస్తే, "కాశీ పంపిస్తున్నారండి." ఆయన పక్క చోటు కోసం జనం తువ్వాళ్లు వేసుకునేవారు.

శరభయ్య మాస్టారికి ఇది ప్రాణసంకటం. ఆయన హైస్కూల్లో హిందీ పండితులు. ఆఖరి పరీక్ష మూడోసారికి గట్టెక్కినవారు. ఊళ్లో హిందీ అంతా తన సొత్తనుకునేవారు. సినిమాకి అర్థం చెప్పమని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఒకసారి అడక్కుండానే మొదలుపెడితే, కొబ్బరి పీచు తీసే మరిడమ్మ వెనక నుంచి, "పాఠం రేపు చెబుదురుగాని, కూకోండి మాస్టారూ" అంది.

డెబ్భై తొమ్మిది వేసవిలో ఒక సినిమా వచ్చింది. ముగ్గురు దొంగలు ఒక ఇంట్లో దూరి, తల్లినీ తండ్రినీ పిల్లనీ గడప దాటనివ్వరు. పిల్లకి జ్వరం. మందు బజార్లో ఉంది.

"దొంగ ఏమంటున్నాడండి?"

"మజ్జిగ అడుగుతున్నాడు."

"మరి కత్తి ఎందుకండి?"

"మామిడికాయ కొయ్యడానికి."

పక్కనే కూర్చున్న మాస్టారు పళ్లు నూరుకున్నారు.

తెర మీద పిల్ల కళ్లు మూసింది. తల్లి గుండెలు బాదుకుంది.

"నిద్ర పట్టిందండి," అన్నారు అబ్బులు గారు.

ఇంకా ఊరుకుంటే చదివిన చదువుకి ద్రోహం. మాస్టారు లేచారు. "అబద్ధం. ఆ పిల్ల..."

అబ్బులు గారు ఆయన పంచె పట్టి కిందికి లాగి, చెవిలో హిందీలో చెప్పారు. వెనక వరసలో వీరవేణి ఉంది. కూతురు జ్వరంతో పోయి ఏడాది కాలేదు. మొగుడు బతిమాలి ఈవేళే బయటికి తెచ్చాడు. దయచేసి కూర్చోండి.

ఎక్కడా తప్పు లేని హిందీ. రెండు మాటలు మాస్టారికే తెలియలేదు.

"ఎక్కడ నేర్చేరండి?"

"నాగపూర్లోనండి. అంబాజీపేట కొబ్బరి లారీల మీద ఎనిమిదేళ్లు తిరిగేను."

ఈలోగా హాలు ఊరుకోలేదు.

"సగంలో ఆపేరేంటి మాస్టారూ? పిల్లకేమైంది?"

వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వంకే చూస్తోంది.

"నిద్రపోతోందమ్మా," అన్నారు మాస్టారు, మళ్లీ లేచి. "మందు పడింది."

"మరి తల్లి ఏడుత్తందేంటండి?" అంది మరిడమ్మ.

"జ్వరం తగ్గిందని."

అంతలో తెర మీద గోడ కనిపించింది. గోడకి పిల్ల ఫోటో. ఫోటోకి దండ. మాస్టారు సాయం కోసం పక్కకి చూశారు. అబ్బులు గారు పైకప్పు చూస్తున్నారు.

"పుట్టినరోజండి," అన్నారు మాస్టారు, చెమట తుడుచుకుంటూ. "బొంబాయిలో... అలాగే వేస్తారు."

వీరవేణి ఫోటో వంక చూసింది, మాస్టారి వంక చూసింది. కొంగు దించి, చిన్నగా నవ్వింది.

"పాపం, మాస్టారికి హిందీ రాదండి," అంది మొగుడితో, అందరికీ వినపడేలా.

"ఆయ్, రాదండి," అన్నారు మాస్టారు, కూర్చుంటూ.