రంగప్ప పంటిదారం

రంగప్ప కాలికి బలపం కట్టుకుని పుట్టాడని గుడియాత్తం నేతవాడలో అనేవారు. మగ్గం గుంటలో కూర్చోబెడితే గడియలోపే మోకాళ్లు ఆడించడం మొదలుపెట్టేవాడు. అందుకే ఇంట్లో భార్య రాజాంబాళ్ నేసేది. అతను లుంగీల మూట భుజాన వేసుకుని వేలూరు, అణైకట్, ఆలంగాయం దాకా కాలినడకన తిరిగి అమ్మేవాడు. రైలెక్కితే దారిలోని ఊళ్లు జారిపోతాయని అతని వాదన.

మూట తప్ప మరే బరువూ అతనికి గిట్టదు. చెంబు కూడా మోయడు. కానీ ఒకసారి ఆలంగాయం దారిలో దవడ వాచి, అంబలి కూడా మింగలేక పడి ఉన్నప్పటి నుంచి పళ్ల సంగతి మాత్రం మరవలేదు. వేపపుల్ల దారిలోనే దొరుకుతుంది. మొలలో ఒక గుడ్డపొట్లం: ఉప్పు కలిపిన బొగ్గుపొడి, పళ్ల సందుల్లో ఇరుక్కున్నది లాగడానికి మగ్గం మీద మిగిలిన దారపు కొసలు. అన్నీ కలిపినా కోడిఈక బరువుండవు.

ఈసారి బయలుదేరేటప్పుడు ఇంట్లో తెల్లదారం లేదు. కొత్తగా డబ్బాల్లో వస్తున్న సీమరంగు అద్దించిన ఎర్రనూలు కొసలే ఉన్నాయి.

“ఏ రంగైతే ఏమి, పండ్లు చూసి పిల్లనిస్తారా నీకు?” అంటూ రాజాంబాళ్ అవే చుట్టి ఇచ్చింది.

మరునాడు పొద్దున్నే కే.వి.కుప్పం దాటి, పాలారు ఇసుకలో చెలమ దగ్గర ఆగాడు. వేపపుల్ల నమిలాడు, దాన్ని చీల్చి నాలుక గీసుకున్నాడు, దారంతో పళ్ల సందులు తీశాడు. పుక్కిలించి ఉమ్మితే ఇసుక ఎర్రబడింది.

“ఏమప్పా, పన్ను యాడన్నా రాలిపాయనా?” అన్నాడు, తోడు నడుస్తున్న, దువ్వెనలమ్మే ఏళుమలై.

రంగప్ప వేలితో ఒక్కొక్క పన్నూ కదిపి చూశాడు. ఏదీ కదల్లేదు, నొప్పీ లేదు. అప్పుడు చేతిలోని దారం కంటబడింది. వెలిసి పాలిపోయి ఉంది. గబగబా మూట విప్పి, ఒక లుంగీ అంచు తడిపి పిండాడు. అరచేయంతా ఎరుపు.

మూటంతా ఆ నూలే. “రంగు పోతే నా మొగం చూడొద్దండి” అని ఏళ్ల తరబడి వేలూరు అంగళ్లలో చెప్పిన మాట అతనిది.

“ఉతికేది వాళ్లు గదప్పా! ఆ పొద్దుకి నువ్వు యాడుంటావో! పండ్లు తోముకో, పోదాం,” అన్నాడు ఏళుమలై.

బొగ్గుపొడి వేసి తోమాడు. పళ్లు తెల్లగా మెరిశాయి. ఇక చూసినవాళ్లకు ఏమీ తెలియదు. అదే అతన్ని కుదురుగా నడవనివ్వలేదు. మూట ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు. ఏళుమలైని వదిలి ముందుకు పోయాడు, ఆగాడు, నాలుకతో పళ్లు తడుముకున్నాడు, మళ్లీ నడిచాడు.

వేలూరులో జానకిరామన్ జవుళి అంగడి ముందు మూట దించాడు.

“రాప్పా, కూర్చో. ఎరుపు బాగుండాదే! రంగు నిలుస్తాదా?”

పాత మాట నాలుక కొసనే ఉంది. రంగప్ప కూర్చోలేదు. “చెంబుడు నీళ్లియ్యన్నా,” అన్నాడు.

దాహమనుకుని ఇచ్చాడు జానకిరామన్. రంగప్ప లుంగీ కొస చెంబులో ముంచాడు. ఇద్దరూ వంగి చూస్తుండగానే నీళ్లు దానిమ్మ రసంలా అయ్యాయి.

“అయ్యో పాపీ, నా చెంబు!” అని అరిచి, తర్వాత నవ్వేశాడు జానకిరామన్. “తన సరుకు తానే చెడ్డదనేవాణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా. రంగు నిలిచేది తీసుకురా, నీదే కొంటా. ఇంత కూడు తినిపోప్పా!”

అప్పటికే రంగప్ప మూట కట్టేశాడు. వచ్చిన దారినే తిరిగి పోవడం అతనికి ఎన్నడూ గిట్టని పని. పొద్దు వాలుతుండగా చెలమ దగ్గరికి వచ్చేసరికి, తను ఉమ్మిన మరక ఇసుక మీద ఇంకా అలాగే ఉంది. కాలితో ఇసుక కప్పి, ఆగకుండా గుడియాత్తం దారి పట్టాడు.