అడవి పాఠానికి తోడుపోయిన బాలమణి

శనివారం పొద్దున బాలమణి ఇప్పుడు వాకిట్లోకి రాదు. బడి పిల్లలు ఇంటి ముందు నుంచి వరుసగా పోయేదాకా లోపలే ఉంటుంది.

పోయిన ఏడు ఇట్లా లేదు. శనివారం వచ్చిందంటే తెల్లారకముందే లేచి, జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టుకొని, అందరికంటే ముందు బడి గేటు దగ్గర నిలబడేది. ఊరి పక్కన గుట్టల్లో ఫారెస్టువాళ్లు కంచె వేసి కాపాడుతున్న అడవి ఉంది. శనివారం పాఠం పాల్ సార్ అక్కడే చెప్పేవాడు. చెట్టు బెరడు తడిమి చూడమనేవాడు, కళ్లు మూసుకొని పిట్టల కూతలు వినమనేవాడు. ఆడపిల్లలను పంపాలంటే వెంట ఒక ఆడమనిషి ఉండాల్సిందేనని తల్లులు పట్టుబట్టారు. బడిలో టీచరమ్మ లేదు. కూలికి పోకుండా ఇంటిపట్టున ఉండేది బాలమణి ఒక్కతే.

నాలుగో తరగతిలోనే ఆగిపోయిన ఆమె, కూతురు అర్చన వెనకాల నడుస్తూ మళ్లీ బడికి పోయినట్టయింది. సార్ హాజరు పిలుస్తుంటే పిల్లలు ఊరుకునేవాళ్లు కాదు.

"సార్, బాలమణత్త పేరు పిలుస్తలేరు. గైర్హాజరు ఏస్తరా ఏంది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఈసారి వానాకాలం సగమైనప్పుడు పెనిమిటి వెంకటన్న ఛాతీలో నొప్పి అన్నాడు. దవాఖానకు తీసుకుపోయే ఆటోలోనే ప్రాణం పోయింది.

పది దినాలు అయ్యాక పాల్ సార్ ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమనుకోకమ్మా. నాకైతే ఏ పట్టింపు లేదు. నువ్వు పిల్లల ఎంట వస్తే తల్లులు ఒప్పుకుంటలేరు."

"ఎట్ల ఒప్పుకుంటరు సారూ?" అన్నది అత్త, గోడకు ఆనుకొని. "మొగుడు పోయి నెలన్న తిరగలే. రేపు ఏ పిల్లనన్న తేలు కుడితే ఎవల మీద పడ్తది? నా కోడలి మీదనే కద. నా కొడుకు పోయిండు, దీనికి ఆ మాట గూడ ఎందుకు?"

అది కోపంతో అన్న మాట కాదు. బాలమణి సార్ వైపు తిరిగింది.

"ఇంకెవలనన్న అడగరాదు సార్?" అన్నది మెల్లగా.

"అడిగినమ్మా. అందరు పత్తి క్రాసింగ్‌కు పోతుండ్రు. ఈ నెలల ఎవలకు తీరిక?"

విత్తన పత్తి చేలల్లో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే కూలి అది. అప్పటి నుంచి మగపిల్లలే అడవికి పోతున్నారు. ఆడపిల్లలు గదిలో కూర్చొని పుస్తకం చూసి పాఠం రాసుకుంటున్నారు.

"నువ్వు రా అమ్మా," అన్నది అర్చన ఒకరోజు.

"నన్ను రానియ్యరు బిడ్డా."

"ఎందుకు?"

"నాయన పోయిండు కద."

"నాయన పోతే నువ్వేం చేసినవ్?"

బాలమణి పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది.

శుక్రవారం సాయంత్రం మరిది రాములు చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "వదినా, శనివారం బడిల ఏం చెప్తలేరట కద. రేపు అర్చనను క్రాసింగ్‌కు తీస్కపోత. పొద్దుగాల్ల సద్ది కట్టు."

"దానికి ఆ పని తెల్వదు రాములు."

"తెల్వకపోవుడేంది? చెట్లు, పువ్వులు చూసుడే కద సార్ చెప్పే పాఠం. మన చేన్ల గూడ పువ్వులే ఉన్నయ్." తన మాటకు తనే నవ్వుకున్నాడు.

వెంకటన్న పోయినప్పటి నుంచి ఇంటికి బియ్యం తెస్తున్నది అతనే. పిల్ల మీద ప్రేమ లేనివాడూ కాదు. కానీ పక్క వీధి పిల్ల కూడా ముందు ఒక్క శనివారమే అని క్రాసింగ్‌కు పోయింది. తర్వాత సోమవారం కూడా పోయింది. ఆ పిల్ల పుస్తకాల సంచి ఇప్పుడు అటక మీద ఉందట. ఈ మాట రాములుకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అత్త ముఖం చూసి మింగేసింది.

తెల్లారింది. బాలమణి రొట్టెలు చేసింది, పప్పు తాలింపు పెట్టింది. రాములు బయట మోటర్‌సైకిల్ తుడుస్తున్నాడు. అర్చన పాత లంగా వేసుకొని తలకు గుడ్డ చుట్టుకుంటున్నది, తల్లి వైపు చూడకుండా.

"వదినా, సద్ది అయిందా?"

ఆమె రొట్టెల మీద గుడ్డ కప్పింది.

"బాలమణీ, పిల్లకు సద్ది కట్టలే?" అన్నది అత్త.

సద్ది డబ్బా చేతికందే దూరంలోనే ఉంది. సద్ది లేదని రాములు ఆగడని ఆమెకు తెలుసు. చేను దగ్గర ఎవరో ఒకరు పిల్లకు ఇంత పెడతారనీ తెలుసు. తెలిసి కూడా డబ్బా ముట్టుకోలేదు.