అత్తమ్మ గూట్లో నా వెంట్రుకల ఉండ

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. డెబ్బైల మొదట్లో, ఉప్పల్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో, నా ఉంగరాల జుట్టు మీద నాకే విసుగొచ్చి సికింద్రాబాద్‌లో ఒక బ్యూటీ పార్లర్‌కు పోయాను. ఏదో మందు పూయించుకుని జుట్టంతా ఉంగరాలు లేకుండా సాఫుగా చేయించుకున్నాను. వారం రోజులు అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు. ఆ తర్వాత మొదలైంది నా ఖర్మ. నల్లటి జుట్టు కొబ్బరి పీచు రంగుకు తిరిగింది. దువ్వితే చాలు, దువ్వెన నిండా వెంట్రుకలే.

మా అత్తమ్మ నోరు తెరిస్తే ఆగే మనిషి కాదు. అలాంటిది, "చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటె ఏమొస్తది?" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పైగా నేను దువ్వుకుని లేచాక, నేల మీద రాలిన వెంట్రుకలన్నీ ఏరి, వేలికి చుట్టి, వంటింటి గోడ గూట్లో దాచేది. ఇంట్లో జరగబోయే పెళ్లికి వచ్చే చుట్టాలకు నా నిర్వాకం చూపించడానికే అనుకుని లోలోపల ఉడికిపోయేదాన్ని.

పెళ్లి మా మరిదిది, నాచారం పిల్లతో. పెద్ద కోడలిగా అందరి ముందు నిలబడాల్సింది నేనే. ఆ పీచు తలతో ఎట్లా నిలబడేది? నల్లరంగు వేయించుకుందామని మళ్లీ పార్లర్‌కు పోతే, మందు పెట్టిన జుట్టు మీద ఇంకో మందు పెడితే మొత్తం ఊడి చేతికొస్తుందన్నారు. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

అత్తమ్మతో చెప్పాను. "మందెందుకే పిల్లా? దొడ్లె గోరింట ఉన్నది. డబ్బాల నేను ఎండబెట్టి దంచిన నీలాకు పొడి ఉన్నది, గోరింట మీద అది పెడితే నల్లగైతది. బజార్ల పొడి మాత్రం తేకు, అండ్ల ఏం కల్పుతరో ఏమో," అంది.

"ఈ మిగిలింది కూడా ఊడిపోతే?"

"గందుకే ముందుగాల నీ నెత్తికి పెట్ట, వీటికి పెట్టి చూస్త," అని గూట్లోంచి ఆ వెంట్రుకల ఉండ తీసింది.

అందులోంచి ఒక పాయ లాగి, దారంతో కట్టి, గోరింట ముద్దలో ఒక పూటంతా నానబెట్టి కడిగింది. ఎర్రగా భగ్గుమంది. దాని మీద నీలాకు ముద్ద పెట్టి కడిగితే పచ్చగా, నాచులాగా తేలింది.

"అయ్యో, పెళ్లిలో పచ్చ తల వేసుకుని తిరగాలా!" అని మొత్తుకున్నాను.

"జర ఆగరాదే తల్లీ! దానికి గాలి తగలనియ్యి," అని పాయను నీడకు ఆరేసింది.

మర్నాడు పొద్దున చూస్తే నల్లగా ఉంది. అత్తమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుంజింది. తెగలేదు. నాకిచ్చి గుంజమంది. నేనూ గుంజాను. తెగలేదు! హమ్మయ్య అంటూ అక్కడే గడప మీద కూలబడ్డాను.

అప్పుడు నా తలకు పట్టించింది. గోరింట కడిగిన ఎరుపు చూసి మా మరిది, "వదినా, కోడిపుంజు లెక్క ఉన్నవ్," అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నీలాకు కూడా పెట్టి కడిగాక, మర్నాటికి తల నల్లబడింది. ఉన్న జుట్టు ఉన్నట్టే ఉంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పెళ్లినాడు అత్తమ్మ నాకు జడ వేస్తుంటే, ఇక మనసులో ఆపుకోలేక అడిగేశాను.

"అత్తమ్మా, ఆ ఉండను చుట్టాలకు చూపిస్తవనుకున్న."

దువ్వెనతో నా నెత్తి మీద మెల్లగా ఒకటి కొట్టింది.

"పిచ్చిదానా! ఉన్నది మొత్తం ఊడిపోతే, నీ ఎంటికలతోనే నీకు సవరం అల్లిపిద్దామని దాసిన. పరాయోళ్ల ఎంటికలు నీ నెత్తి మీద ఎందుకే?"

నాకు ఏడుపు ఆగలేదు.

"ఊకో, కాటుక కారుతది," అని కొంగుతో నా మొహం తుడిచి, మళ్లీ జడ అల్లడం మొదలుపెట్టింది.