డాక్టరు తప్ప అందరూ తాగించినవాళ్లే

ఈ ఏడు ఉగాది తెల్లారి, పొద్దున పదిన్నర గంటలు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులో నా భార్య పక్కన పొత్తికడుపు పట్టుకుని కూర్చున్నాను. పండుగ సాయంత్రం నుంచి మూత్రం చుక్క రాలేదు.

ఎవరికి చెప్పినా ఒకటే మాట: వేడి చేసింది, చలువకు తాగు. నా భార్య చెంబెడు బార్లీ నీళ్లు తాగించింది. బావమరిది ఈతకల్లు తెచ్చి, "సీసా దించు బావా, దెబ్బకు దిగుతది" అన్నాడు. అన్నీ తాగాను. కడుపు బండలా బిగిసింది.

దారిలో ఓర్చుకోలేక బస్సు ఆపించి తుమ్మచెట్టు చాటుకు పోయాను. ఎంత ముక్కినా రాలేదు.

"అయిందా బాపూ?" అని కండక్టరమ్మ అరిచింది.

"జర ఆగు బిడ్డా, మా ఆయనకు ఒంటికి వస్తలేదు!" అని నా భార్య బస్సంతటికీ చాటింది.

తలదించుకుని ఎక్కితే కండక్టరమ్మ తన నీళ్ల సీసా చేతిలో పెట్టి, "తాగు బాపూ, వస్తది" అంది. ఒళ్లు మండింది. అదీ తాగాను.

కామారెడ్డి దవాఖానాలో మూత్రానికి గొట్టం వేశారు, సంచి నిండాక ప్రాణం లేచొచ్చింది. "ప్రోస్టేట్ గ్రంథి వాచి తోవ మూసుకున్నది. తూము బందైన చెరువుల ఇంకిన్ని నీళ్లు ఇడుస్తరా పెద్దాయనా?" అని డాక్టరు కసిరాడు.

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. మగవాళ్లారా, ధార సన్నబడితే ఇంట్లోవాళ్లను అడగకండి, డాక్టరును అడగండి.

ఆ రోజు ఉన్నవాళ్లు: నా భార్య రాజవ్వ, బావమరిది సాయిలు, కండక్టరు సునీత, పేరడగని ఆ డాక్టరు. గొట్టం పట్టుకొచ్చినవాడు ఒక్కడే.