కళ్లం మీద కోర్టు

అక్క పోయి ఏడు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఆమె ఓర్పు గురించి చెప్పి వెళ్ళారు. అక్కకు అంత ఓర్పేమీ లేదు. నాకు గుర్తున్న అక్క బాల్ బ్యాడ్మింటన్ ఆడేది, పాయింటు పోతే బ్యాటును నేలకేసి కొట్టేది.

తనకల్లు వైపు మా ఊరి బడికి ఆటస్థలం లేదు. బడి వెనకంతా పెద్ద పెద్ద బండరాళ్ళ గుండ్లే. ఊరి చివర మార్కెట్ యార్డులో మాత్రం పంట ఆరబోసుకోవడానికి పెద్ద సిమెంటు కళ్లం ఉండేది. స్థలం పంచాయతీది, సిమెంటు వేయించింది యార్డు. మా డ్రిల్లు సారు రెండు ఆఫీసుల చుట్టూ తిరిగి ఒక ఒప్పందం రాయించారు. పంట ఉన్నప్పుడు కళ్లం రైతులది, మిగతా నెలల్లో బడి పిల్లలది. కాగితం మీద పంచాయతీ, యార్డు, బడి ముద్రలు మూడూ పడ్డాక సారు తెల్ల పెయింటుతో కోర్టు గీతలు గీయించారు.

ఆ తర్వాత మూడేళ్ళు వరుసగా వానలు లేవు. కళ్లానికి వేరుశనగ కాయలే రాలేదు. ఊరికి అది కరువు, మాకు ఏడాది పొడుగునా కోర్టు. ఆ మూడేళ్ళలోనే అక్క ఆట బాగా కుదిరింది. ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది.

అక్క పదో తరగతిలో ఉండగా వాన పడింది. కార్తీకానికి కళ్లం నిండా చెనిక్కాయలు. జిల్లా జట్టు ఎంపికకు ఇంకా పది రోజులుంది. పదో తరగతి దాటితే బడి తరపున ఆడనివ్వరు కాబట్టి అక్కకు అదే చివరి అవకాశం. సారు యార్డు సెక్రటరీని అడిగితే ఆయన ఒప్పందం కాగితం తీసి చూపించాడు. అక్క నేరుగా రైతుల దగ్గరికే పోయింది. నేనూ బడి జట్టులోదాన్నే, వెంట పోయాను.

"పది దినాలు, పొద్దున పూట మాత్రం ఇయ్యండన్నా."

కుప్ప పక్కన కూర్చున్న ఒకాయన తలెత్తాడు. "ఏమ్మా, మూడేండ్లు మీకే ఇచ్చింటిమి కదా. ఈ ఒక్క ఏడన్నా మాకియ్యి."

"మేమేమన్నా వాన వద్దంటిమా?"

"అనలేదులే. నీ మొగం చూస్తే మాత్రం అన్నట్లే ఉండాది."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆయన మాట పూర్తిగా తప్పు కాదని నాకు తెలుసు.

చివరికి బేరం కుదిరింది. పొద్దున మంచు తడి ఆరేదాకా కాయలు ఎట్లాగూ పట్టల కింద కుప్పలుగానే ఉంటాయి. సాయంత్రం మేమే ఎత్తి కోర్టు అవతల కుప్పలు పెట్టాలి, పొద్దున ఆట అయ్యాక ఎనిమిది గంటలకు మేమే మళ్ళీ పరచాలి. పది రోజులూ మా గోళ్ళలో ఎర్రమట్టి పోలేదు.

కదలనివి మా నాయన మూటలు మాత్రమే. ఆయన కాయలు ముందే ఆరాయి. మూటలు కట్టి కోర్టు ఎడమ మూలలో పేర్చి లారీ కోసం చూస్తున్నాడు. "రేపొస్తాది పాపా, ఎత్తేస్తా," అని రోజూ అనేవాడు. మూటలకు బంతి తగిలితే మళ్ళీ సర్వీసు చేయాలని మేమొక నియమం పెట్టుకున్నాం.

ఎంపిక అనంతపురంలో. అక్క బాగానే మొదలుపెట్టింది. వెనక ఎడమవైపు ఆమె చోటు. అవతలి జట్టమ్మాయి ఆ మూలకు ఒక బంతి వేసింది. అక్క కదల్లేదు. ఇంకొకటి వేసింది. అప్పుడూ కదల్లేదు. మూడోసారి నేను "అక్కా!" అని అరిచాను. ఆమె ఒక అడుగు వేసి ఆగిపోయింది. పది రోజులు అక్కడ మూటలున్నాయి, ఆమె కాళ్ళకు అవి ఇంకా ఉన్నాయి. అవతలివాళ్ళకు అర్థమైంది. ఆ తర్వాత అన్ని బంతులూ అక్కడికే.

తిరుగు బస్సులో అక్క, "నాయనకు చెప్పొద్దు," అంది.

"మూటల వల్లనే కదా?"

"మూడేండ్లకొచ్చిన కాయలే అవి. చెప్పినావంటే చూడు."

నాయన బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. "ఏమాయె పాపా?"

"వాళ్ళు బలే పొడుగుండారు నాయనా. మనకందలేదు."

"ఎంత పొడుగు?"

"మన తలుపంత."

"అయితే నీ తప్పేముండాదిలే," అన్నాడు. చివరిదాకా ఆయన ఆ పొడుగమ్మాయిల గురించే అందరికీ చెప్పేవాడు.

మరుసటి ఏడు మళ్ళీ వాన రాలేదు. కళ్లమంతా ఖాళీ. అక్క బడి అయిపోయి కుట్టుపని నేర్చుకుంటోంది. సాయంత్రాలు ఇంటికి పోతూ యార్డు గేటు దగ్గర ఆగి మా ఆట చూసేది. ఒకరోజు కాపలా ఆయన, "లోపలికి రామ్మా, ఎవురేమంటారు?" అన్నాడు. అక్క చెప్పులు విప్పి, నా బ్యాటు తీసుకుని, బంతి కనబడనంత చీకటి పడేదాకా ఆడింది.

"రేపు కూడా వస్తావా?" అని దారిలో అడిగాను.

"లేదులే. అది బడి పిల్లోళ్ళది," అంది.

నేను బలవంతం చేయలేదు. చేసి ఉండాల్సింది.