ఇత్తడి నట్టు

నాకు నచ్చని బోర్డ్ గేమ్ ఇచ్చి ఇంకొకరి ఆట తెచ్చుకుందామని బస్సెక్కాను. ఒళ్ళో పెట్టె తెరిచి పావులు లెక్కపెడితే ఒకటి తక్కువ.

"చెప్పకుండా ఇచ్చేస్తా," అన్నాను పక్క సీటావిడతో, నవ్వుతూ.

పీణ్య పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఆ పెద్దావిడ నవ్వలేదు. సంచిలోంచి ఇత్తడి నట్టు తీసి పావుల మధ్య నిలబెట్టింది.

"దాచేదేముండాదమ్మా? కాయ పోయింది, బదులు ఇది పెట్టినానని మొహం మీదే చెప్పు. నా చేత్తో చేసినాను, దీనికేం తక్కువ?"

బస్సు దిగి వెళ్ళి అలాగే చెప్పాను. ఆట మార్చుకోవాల్సినతను నట్టును వేలితో పక్కకు తోసి, "అసలు పావు లేకపోతే కుదరదండీ," అన్నాడు.

"అయితే మీ ఆట మీరే ఉంచుకోండి," అని పెట్టె మూసేశాను.

ఆ ఆట నాకిప్పటికీ నచ్చదు. ఎవరడిగినా ఇవ్వను. ఆడిన ప్రతిసారీ నట్టు నాదే.