దూమత్ చెరువు ఫొటో

అరబ్బు దేశపు ఎడారిలో చెరువుందంటే నమ్మబుద్ధికాక, అద్దె కారు తీసుకుని ఒక్కదాన్నే దూమత్ అల్ జందల్ వెళ్లాను. చిన్న ఊరు. ఖర్జూర తోటలు దాటగానే నీలంగా నీళ్లు కనిపించాయి. బుద్ధి తక్కువై కారును ఒడ్డు దాకా పోనిచ్చాను. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. "దేవుడా, ఇప్పుడెలా!" అని అరుస్తూ యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా లోపలికి పోయాయి.

"రేస్ ఇయ్యకు అక్కా. టైర్లల్ల గాలి తియ్యాలె."

ఒడ్డు శుభ్రం చేసే పనివాడు. నా తెలుగు విని పరుగెత్తుకొచ్చాడు. నాలుగు టైర్లలోనూ సగం గాలి వదిలి, వెనక నుంచి నెట్టాడు. కారు మెల్లగా గట్టెక్కింది.

నేను దిగి థాంక్స్ చెప్పేలోపే ఆయన ఇసుక చదును చేసే పళ్ల దంతె అందుకుని, నేను చేసిన గుంతలన్నీ సాపు చేస్తున్నాడు.

"పొద్దుమీకి పిల్లలు ఆడుకోను వస్తరు," అన్నాడు తలెత్తకుండానే. "నువ్వు చెర్వు సూడు అక్కా. గందుకే గద అచ్చినవు."

నేను ఫోన్ ఎత్తగానే, అడ్డమనుకున్నాడేమో, దంతెతో సహా పక్కకు తప్పుకున్నాడు.

ఆ ఫొటో చూసినవాళ్లంతా ఒడ్డు ఎంత బాగుందో అంటారు. అందులో నా చక్రాల గుర్తు ఒక్కటీ లేదు. ఆయనా లేడు.